మారిషస్‌లో మా ఇంటికి వచ్చే మిత్రులకు: తరచుగా అడిగే ప్రశ్నలు

పదకొండేళ్ళుగా ఈ దీవిలో, వాక్వా అనే ఊళ్ళో కాపురం ఉంటున్నాం. మన వైపు బడులకు సెలవులు ఇచ్చారంటే మా ఫోను మోగడం మొదలవుతుంది. "అగ్నిపర్వతం పొగ కనిపిస్తుందా?" దగ్గర మొదలై "ఆవకాయ తేవచ్చా?" దాకా అవే సందేహాలు. ప్రతి ఏడాదీ మనుషులు మారుతున్నారు గాని ప్రశ్నలు మారడం లేదు. అందుకే రాసి పెట్టాను. మొదటి నుంచి చివరి దాకా చదవనక్కరలేదు. మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి వెళ్ళండి.

## టికెట్లు కొనకముందు

అగ్నిపర్వత దీవి అంటున్నారు, ప్రమాదం లేదా? లావా చూడవచ్చా?

ప్రమాదం లేదు, లావా కూడా లేదు. సముద్రం అడుగున రగిలిన నిప్పు వల్లే మారిషస్ పుట్టింది. ఇక్కడి అతి పాత రాళ్ళ వయసు సుమారు 80 లక్షల ఏళ్ళు. ఆ కొలిమి ఇక్కడ ఎప్పుడో చల్లారింది. నిప్పు ఇప్పుడు నైరుతి దిక్కున రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, రియూనియన్ దీవి కింద ఉంది. అక్కడి పితోన్ ద లా ఫుర్నేజ్ తరచుగా లావా కక్కే కొండ. రియూనియన్ ఫ్రాన్స్ భూభాగం, ప్రవేశ నిబంధనలు వేరు. "అటు నుంచి అటు ఒకరోజు వెళ్ళొద్దాం" అని ఇక్కడ దిగాక అనుకుంటే కుదరదు. వెళ్ళాలనుకుంటే ఇండియాలో ఉండగానే ఏర్పాట్లు చూసుకోవాలి.

చల్లారిపోయిందంటే ఇక చూడటానికి ఏముంది? సముద్రం, ఇసుక అంతేగా?

నాకు కాస్త కోపం తెప్పించే ప్రశ్న ఇది. ఈ దీవిలో కాలు ఎక్కడ పెట్టినా నల్లరాయే. చెరకు తోటల మధ్య గోపురాల్లా పేర్చిన రాళ్ళగుట్టలు, పాత చక్కెర మిల్లుల గొట్టాలు, చర్చి గోడలు, ఇంటి ప్రహరీలు అన్నీ ఆ రాతితో కట్టినవే. ఇక్కడ వ్యవసాయం అంటే ముందు రాళ్ళు ఏరడం, తర్వాతే దున్నడం. "రాయి తిరగేస్తే కింద బంగారం దొరుకుతుంది" అని చెప్పి మన దేశంలో కూలీలను ఓడ ఎక్కించారని ఇక్కడ ప్రతి ఇంట్లో కథగా చెప్పుకుంటారు. రాళ్ళు మాత్రం నిజంగానే తిరగేశారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. దీవిని పుట్టించిన నిప్పు పాతది. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం, భారత భూఖండం ఉత్తరానికి జరుగుతూ సరిగ్గా ఆ నిప్పు మీదుగా వెళ్ళింది. అప్పుడు పొంగిన లావాయే దక్కన్ నల్లరాతి పొరలు. ఉత్తర తెలంగాణలో అవి ఉన్నాయి, రాజమండ్రికి గోదావరి ఆవలి ఒడ్డున పంగిడి క్వారీల్లో తవ్వేదీ ఆ రాయే. తర్వాత ఆ నిప్పు మీదే మాల్దీవుల వరుస, ఆపైన మారిషస్, చివరికి రియూనియన్ పుట్టాయి. కదిలింది నేల, నిప్పు కాదు. ఇది తెలిసి తిరిగితే దీవి వేరుగా కనిపిస్తుంది.

ఏ నెలలో రమ్మంటారు?

మే నుంచి నవంబరు మధ్య ఎప్పుడైనా రావచ్చు. నన్ను ఒక్క నెల చెప్పమంటే అక్టోబరు అంటాను. దీవి భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి మన ఎండాకాలం ముగిసేసరికి ఇక్కడ చలికాలం మొదలవుతుంది. చలికాలం అంటే కోస్తాలో హాయిగా ఉంటుంది, మధ్య పీఠభూమిలో స్వెట్టర్ కావాలి. జనవరి నుంచి మార్చి దాకా ఉక్కపోత, వాన, తుఫాను భయం. జూన్, జూలై, ఆగస్టుల్లో వస్తే తూర్పు తీరంలో గది తీసుకోకండి. ఆగ్నేయం గాలి రోజంతా చెవుల్లో హోరుమంటుంది. ఆ నెలల్లో పడమటి తీరం నయం.

నాలుగు రోజులు చాలవా?

చాలవు. దీవి పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. మ్యాపు చూసి "మన జిల్లా అంత కూడా లేదు" అని అందరూ తీసిపారేస్తారు. కానీ దారులు సన్నం, మలుపులు ఎక్కువ, ఊళ్ళు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఏడు రాత్రులు ఉంటే తృప్తిగా తిరగవచ్చు. అయిదుకు తగ్గితే నేను విమానాశ్రయానికి వచ్చి పూలగుత్తి ఇచ్చి అటునుంచే పంపించేస్తాను.

వీసా ముందే తీసుకోవాలా?

పర్యటనకు వచ్చే భారతీయ పాస్‌పోర్టుదారులకు ముందస్తు వీసా అవసరం లేదు. తిరుగు టికెట్, బస వివరాలు, ఖర్చులకు డబ్బు ఉన్నట్టు రుజువు అడుగుతారు. మారిషస్ ప్రభుత్వ ప్రయాణ ఫారాన్ని బయలుదేరే ముందే ఆన్‌లైన్‌లో నింపాలి. మా ఇంట్లో దిగేవాళ్ళు "స్నేహితుడి ఇల్లు" అని చెప్పి ఊరుకోకుండా పూర్తి చిరునామా, నా ఫోను నంబరు కాగితం మీద రాసుకోండి. ఒక మిత్రుడి ఫోను చార్జింగ్ అయిపోయి నా చిరునామా చెప్పలేక గంటసేపు కౌంటరు దగ్గర నిలబడ్డాడు. నేను బయట అంతసేపూ నిలబడ్డాను.

## పెట్టె సర్దుకునేటప్పుడు

ఆవకాయ, గోంగూర, కరివేపాకు మొక్క తేవచ్చా?

మొక్క వద్దు. మొక్కలు, విత్తనాలు, తాజా పండ్లు, కూరగాయలు అనుమతి పత్రం లేకుండా దీవిలోకి తేకూడదు. మాంసం, పాల పదార్థాలకూ ఆంక్షలు ఉన్నాయి. సీలు వేసిన పచ్చళ్ళు, పొడులు మా మిత్రులు చాలామంది తెచ్చారు. అయితే ఫారంలో దాచకుండా రాయండి, అడిగితే చూపించండి. కరివేపాకు, మునగాకు ఇక్కడి సంతల్లో దొరుకుతాయి. మునగాకును "బ్రెడ్ మురుం" అంటారు. బ్రెడ్ అంటే రొట్టె కాదు, ఆకుకూర.

మందులు తెస్తే ఇబ్బందా?

జ్వరానికి, కడుపుకు వాడే మామూలు మాత్రలకు ఇబ్బంది లేదు. నిద్రమాత్రలు, బలమైన నొప్పి మాత్రలు మాత్రం డాక్టరు చీటీ లేకుండా తేకండి. మత్తు పదార్థాల చట్టం ఇక్కడ చాలా కఠినం. ఎలక్ట్రానిక్ సిగరెట్లు కూడా నిషేధమే.

ఎలాంటి బట్టలు, చెప్పులు?

ఒకే రోజు రెండు వాతావరణాలు తగులుతాయి. తీరంలో చెమటలు పోస్తుంటే అరగంట పైకి వెళ్ళేసరికి పీఠభూమి మీది క్యుర్‌పిప్ ఊళ్ళో సన్నటి జల్లు, పొగమంచు. అందుకని పల్చటి బట్టలతో పాటు వాన చొక్కా ఒకటి పెట్టుకోండి. చెప్పుల సంగతి ముఖ్యం. నల్లరాయి తడిస్తే నూనె పూసినట్టు జారుతుంది, కాబట్టి పట్టున్న బూట్లు కావాలి. సముద్రంలో దిగడానికి రబ్బరు బూట్లు వేరే తెచ్చుకోండి. నీటి అడుగున ముళ్ళున్న సముద్రపు జీవులు, రాయిలా కనిపించే విషపు చేపలు ఉంటాయి.

చార్జర్లు పడతాయా?

మన మూడు పిన్నుల ప్లగ్గు నేరుగా పట్టదు. ఇక్కడ బ్రిటిష్ చదరపు మూడు పిన్నుల సాకెట్లు, ఐరోపా రెండు పిన్నులవి కలిసి ఉంటాయి. ఒక అడాప్టర్ చాలు.

## దిగిన రోజు

టైము తేడా ఎంత? ఆ రోజే ఎక్కడికైనా వెళ్దామా?

మారిషస్ మనకంటే గంటన్నర వెనుక. దిగిన రోజు కొండలు వద్దు. విమానాశ్రయం ఆగ్నేయ మూలన, మహేబూర్ పక్కన ఉంది. దానికి దగ్గర్లోనే బ్లూ బే అనే రక్షిత సముద్ర వనం, అడుగు గాజుతో ఉన్న పడవలు ఉన్నాయి. ఓపిక ఉంటే అక్కడ గంట గడపండి. పడవలోంచి పగడాలు చూస్తే ప్రయాణపు అలసట సగం తగ్గుతుంది. సోమవారం దిగితే మహేబూర్ సంత కూడా చూడవచ్చు.

డబ్బు ఎలా? మన రూపాయి చెల్లుతుందా?

చెల్లదు. వీళ్ళదీ రూపాయే గాని వేరు, విలువ మనదానికంటే ఎక్కువ. హోటళ్ళలో, పెద్ద దుకాణాల్లో కార్డు తీసుకుంటారు. 2024 ఫిబ్రవరిలో మన యూపీఐ కూడా ఇక్కడ మొదలైంది. అయినా దాన్ని నమ్ముకుని చేతిలో నగదు లేకుండా బయలుదేరకండి, రోడ్డు పక్క ధోల్ పూరీ అనే పప్పు రొట్టె అమ్మే బండికి నోట్లే కావాలి. నోటు మీద తమిళం, హిందీ అక్షరాలు కనిపిస్తాయి. తెలుగు వెతకకండి, లేదు.

కారు అద్దెకు తీసుకోవాలా, టాక్సీ మాట్లాడుకోవాలా, బస్సులు ఉంటాయా?

నలుగురు ఉంటే కారు. ఎడమ పక్కనే నడపాలి కాబట్టి మనవాళ్ళకు తేలిక. లైసెన్సు ఇంగ్లీషులో ముద్రించి ఉండాలి, అంతర్జాతీయ పర్మిట్ కూడా ఉంటే మంచిది. తాళం తీసుకునే ముందు కారు చుట్టూ తిరిగి వీడియో తీయండి. మేము ఒకసారి తీయలేదు, పాత గీతకు కొత్త డబ్బు కట్టాం. పల్లె దారుల పక్కన మూత లేని లోతైన కాలువలు ఉంటాయి, ఎదురుగా వచ్చే బస్సుకు తప్పుకోబోయి చక్రం అందులో దించేవాళ్ళు ఎక్కువ. జూన్ నుంచి డిసెంబరు దాకా చెరకు లారీలు తిరుగుతాయి. వాటి వెనక పడితే ఓపిక పట్టడమే.

టాక్సీ అయితే ఎక్కక ముందే రేటు మాట్లాడుకోండి. రోజంతటికీ ఒక మాట అనుకోవడం మేలు. బస్సులు దాదాపు అన్ని ఊళ్ళకూ ఉన్నాయి, చవక కూడా. కానీ పల్లెల్లో సాయంత్రం ఆరు దాటితే వాటిని నమ్మలేం. రాజధాని పోర్ట్ లూయీ నుంచి క్యుర్‌పిప్ దాకా మెట్రో రైలు ఉంది. దాన్ని నిర్మించింది మన దేశపు ఎల్ అండ్ టీ సంస్థ. రాజధాని చూసే రోజు కారు ఇంటి దగ్గర వదిలి మెట్రో ఎక్కండి. అక్కడ కారు నిలపడానికి చోటు వెతకడం ఒక రోజు పని.

ఊళ్ళ పేర్లు చదివినట్టు పలికితే ఎవరికీ అర్థం కావడం లేదు!

ఫ్రెంచి పేర్లు కదా, చివరి అక్షరాలు మింగేస్తారు. సూయాక్, వాక్వా, కాత్ర్ బోర్న్, షమరెల్ వంటివి రాసిన తీరుకూ పలికే తీరుకూ పొత్తు ఉండదు. పలకడానికి తంటాలు పడకుండా ఫోనులో పేరు చూపించండి. జనం మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష. "బోంజూర్" అని పలకరించి తర్వాత ఇంగ్లీషులో అడిగితే సాయం చేయనివాళ్ళు నాకు ఇంతవరకూ కనపడలేదు. పలకరింపు లేకుండా నేరుగా దారి అడిగితే మాత్రం ముఖం ముడుచుకుంటారు.

## కొండలు, బిలాలు, రంగుల మట్టి

అగ్నిబిలం నిజంగా చూడాలంటే ఎక్కడికి?

క్యుర్‌పిప్‌లో ఉన్న ట్రూ ఓ సెర్‌కు. ఊరి మధ్యలోనే ఉంది, కారు అంచు దాకా వెళుతుంది, టికెట్ లేదు. బిలం వెడల్పు మూడు వందల మీటర్లకు పైమాటే. లోపల అడవి పెరిగింది, అడుగున చిన్న మడుగు. లావా చూస్తామని వచ్చినవాళ్ళు "చెట్లు మొలిచిన గుంత" అని పెదవి విరుస్తారు. గుంత వైపు కాక బయటికి తిరిగి చూడండి. తెల్లవారితే పీఠభూమి చుట్టూ కోరల్లాంటి కొండలు కనిపిస్తాయి. అవన్నీ ఒకప్పటి మహా అగ్నిపర్వతపు అంచు కూలిపోగా మిగిలిన ముక్కలని చెబుతారు. పది దాటితే మబ్బు కమ్ముతుంది, ఎనిమిదిలోపు వెళ్ళండి.

గంగా తలావ్ గుడి గురించి చాలా విన్నాం. ఎంతసేపు పడుతుంది?

రెండు గంటలు చాలు. పాత పేరు గ్రాండ్ బాసిన్, ఇది కూడా నీళ్ళు నిండిన అగ్నిబిలమే. మన పెద్దలు దీన్ని పరీ తలావ్, అంటే దేవకన్యల చెరువు అనేవారు. 1972లో గంగ నుంచి నీళ్ళు తెచ్చి ఇందులో కలిపాక గంగా తలావ్ అయింది. దారి మొదట్లో 33 మీటర్ల శివుడి విగ్రహం, దానికి ఎదురుగా అంతే ఎత్తు దుర్గాదేవి. చెరువు గట్టున గుళ్ళు, నీళ్ళలో చేపలు, గట్టు మీద కోతులు. అరటిపండ్లు చేతిలో కనిపించేలా పట్టుకుని నడవకండి.

శివరాత్రికి దీవి నలుమూలల నుంచి లక్షల మంది కావళ్ళు మోసుకుంటూ నడిచి వస్తారు. ఆ వారం దారిలో ప్రతి ఊళ్ళో పందిళ్ళు వేసి ముక్కూ మొహం తెలియని వాళ్ళకు కూడా పళ్ళు, టీ, భోజనం పెడతారు. నడవగలిగితే ఆ సమయానికే రండి. నడవలేకపోతే ఆ వారం ఈ దారిలో కారు వేసుకుని రాకండి.

షమరెల్ ఏడు రంగుల మట్టి ఫొటోల్లో ఉన్నట్టు ఉంటుందా?

ఫొటోల్లో రంగు కాస్త పెంచుతారు, జాగా కూడా మీరు ఊహించినంత పెద్దది కాదు. ఎరుపు, గోధుమ, ఊదా, పసుపు రంగుల మట్టి దిబ్బలను కంచె బయట నిలబడి చూడాలి. నల్లరాయి ఎంతోకాలం ఎండకు ఎండి, వానకు నాని పొడి అయింది. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలి ఈ రంగులు ఇచ్చాయి. మబ్బు పట్టిన మధ్యాహ్నం వెళితే ఒకటే రంగు కనిపిస్తుంది. ఉదయం వాలు ఎండలో వెళ్ళండి. ఆ ప్రాంగణంలోనే జలపాతం ఉంది, నా మట్టుకు మట్టికంటే అదే బాగుంటుంది.

నడక ఇష్టం. ఎక్కడ నడవవచ్చు?

బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ వనంలో. దీవిలో ఎత్తయిన శిఖరం, 828 మీటర్లది, ఆ వైపే ఉంది. ఏప్రిల్ నుంచి జూలై మధ్య వస్తే ప్లేన్ షాంపాన్య దారి పక్క పొదల్లో గోలీకాయంత ఎర్రటి జామపళ్ళు కాస్తాయి. జనం కుటుంబాలతో వచ్చి గిన్నెలు నింపుకుంటారు. ఉప్పు, కారం అద్దుకుని తింటారు. మనవాళ్ళకు ఆ రుచి కొత్తగా నేర్పనక్కరలేదు. నిజానికి ఈ జామ బయటి నుంచి వచ్చి స్థానిక అడవిని మింగేస్తున్న మొక్క, కాబట్టి ఎన్ని కోసుకున్నా అడవికి నష్టం లేదు.

లె మోర్న్ కొండ 556 మీటర్లు. సగం దాకా ఎవరైనా ఎక్కవచ్చు. ఆపైన చేతులతో రాళ్ళు పట్టుకుని పాకాలి. వాన పడిన మర్నాడు పైకి వెళ్ళకండి. పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ ఇది. 1835లో బానిసత్వం రద్దయిందని చెప్పడానికి వచ్చిన సిపాయిలను చూసి, పట్టుకోవడానికి వచ్చారనుకుని వాళ్ళు పైనుంచి దూకారని జనం చెప్పుకుంటారు. 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడికి వెళితే పాటలు పెట్టి గోల చేయవద్దని నా మనవి.

మనవాళ్ళు వచ్చి దిగిన చోటు ఉందట కదా?

ఉంది. పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్. 1834 నుంచి నాలుగున్నర లక్షల మందికి పైగా ఒప్పంద కూలీలు ఈ చోటి మీదుగా దీవిలోకి వచ్చారు. ఓడ దిగి పదహారు మెట్లు ఎక్కాలి. ఆ మెట్లూ నల్లరాతివే. విశాఖ, గంజాం, గోదావరి ప్రాంతాల వాళ్ళు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వచ్చారు కాబట్టి ఇక్కడ తెలుగువాళ్ళను చాలాకాలం "కోరంగీలు" అని పిలిచారు. ప్రవేశం ఉచితం, ఆదివారం మూసి ఉంటుంది. మెట్రో ఆఖరి స్టేషను పేరు కూడా అదే. గంట సమయం పెట్టుకోండి. మెట్ల దగ్గర ఫొటో దిగి పది నిమిషాల్లో వచ్చేసిన మిత్రులు నాకు ఉన్నారు. వాళ్ళను రెండోసారి తీసుకువెళ్ళను.

ఇక్కడి తెలుగువాళ్ళతో తెలుగులో మాట్లాడవచ్చా?

పలకరించండి, సంతోషిస్తారు. అయితే సంభాషణ సాగుతుందని ఆశ పెట్టుకోకండి. అయిదారు తరాలు గడిచాయి, ఇంట్లో మాట క్రియోల్. తెలుగు మిగిలింది గుడిలో, పాటలో, బడిలో. రామభజనలు, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ ఇప్పటికీ చేస్తారు. ఉగాది ఇక్కడ దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగాయి. ముత్తాత పేరును గుమాస్తా తన చెవికి వినిపించినట్టు ఫ్రెంచి స్పెల్లింగులో రాస్తే అదే ఇంటిపేరు అయిపోయిన కుటుంబాలు ఎన్నో. భజనలో పద్యం ఒక్క అక్షరం పోకుండా పాడి, అర్థం మిమ్మల్ని అడుగుతారు. అప్పుడు మాత్రం నవ్వకండి.

## సముద్రం

అగ్నిపర్వత దీవి అయితే ఇసుక నల్లగా ఉండాలి కదా, తెల్లగా ఎందుకుంది?

ఇసుక కొండ నుంచి రాలేదు, సముద్రం నుంచి వచ్చింది. దీవి చుట్టూ పగడపు దిబ్బ ప్రహరీలా ఉంది. పగడం, గవ్వలు నలిగి తెల్ల ఇసుక అయ్యాయి. ఆ దిబ్బ లోపల నీరు చెరువులా నిలకడగా ఉంటుంది. ఇసుక దిబ్బల మధ్య నల్లరాళ్ళు తలలు బయటపెట్టి ఉన్నవి చూస్తే అడుగున ఏముందో తెలుస్తుంది.

పిల్లలు నీళ్ళలో దిగడానికి ఎక్కడ భద్రం? ఎక్కడ దిగకూడదు?

త్రూ ఓ బిష్, మోన్ షువాజీ, బెల్ మార్, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ తీరాల్లో నీరు నెమ్మదిగా ఉంటుంది. ఈత హద్దు తెలిపే తేలియాడే గుర్తులు దాటకూడదు. దక్షిణాన సూయాక్ దగ్గరి గ్రీ గ్రీలో మాత్రం మడమ కూడా తడపకండి. అక్కడ పగడపు దిబ్బ తెగిపోయింది, మహాసముద్రం నేరుగా వచ్చి నల్లరాతి గోడను కొడుతుంది. ఒడ్డున నిలబడి చూడటానికి నాకు దీవిలో అన్నిటికంటే ఇష్టమైన చోటు అది. దగ్గర్లోనే రోచెస్టర్ జలపాతం ఉంది. లావా చల్లారుతూ పగిలి నిలువు స్తంభాలుగా నిలబడింది, వాటి మీదుగా నీళ్ళు దూకుతాయి. ఎత్తు తక్కువే గాని ఎవరో పనిగట్టుకుని చెక్కి పేర్చినట్టుంటుంది.

హోటల్ ముందున్న తీరంలో బయటివాళ్ళం నడవవచ్చా?

నడవవచ్చు. ఇక్కడ సముద్ర తీరం ప్రజలది. హోటల్ వాళ్ళ కుర్చీల్లో కూర్చోకూడదు, అంతే.

నీటి అడుగున జలపాతం చూడటానికి పడవ ఎక్కడ ఎక్కాలి?

ఎక్కడా ఎక్కలేరు, అది కంటి భ్రమ. లె మోర్న్ ముందు ఇసుక, ఒండ్రు లోతులోకి జారుతున్న తీరు ఆకాశం నుంచి చూస్తే జలపాతంలా ఉంటుంది. హెలికాప్టర్ లేదా నీటి మీద దిగే విమానం ఎక్కితేనే కనిపిస్తుంది, ఖర్చు గట్టిగానే ఉంటుంది. పడవవాడు చూపిస్తానంటే నమ్మకండి.

డాల్ఫిన్లను చూసే పడవ ఎక్కుదామా?

తమరిన్ తీరంలో తెల్లవారుజామున వస్తాయి. నేను ఒకసారి వెళ్ళాను, మళ్ళీ వెళ్ళలేదు. నాలుగు డాల్ఫిన్ల చుట్టూ ఇరవై పడవలు తరుముతుంటే చూడబుద్ధి కాలేదు. మీరు వెళ్ళాలనుకుంటే దూరంగా ఆగే పడవ చూసుకోండి, నీళ్ళలోకి దూకి వాటి వెంట పడకండి.

డోడో పక్షి ఎక్కడ చూపిస్తారు?

బొమ్మల దుకాణంలో. అసలు పక్షి 17వ శతాబ్దంలోనే అంతరించింది. ఎముకలు పోర్ట్ లూయీ మ్యూజియంలో ఉన్నాయి. బతికున్న అరుదైన పక్షి కావాలంటే మహేబూర్ ఎదురుగా ఉన్న ఈల్ ఓ ఎగ్రెట్ అనే చిన్న దీవికి వెళితే గులాబీ పావురం కనిపించవచ్చు. పెద్ద తాబేళ్ళు ఎలాగూ ఉంటాయి.

## తిండి, పెద్దవాళ్ళు, వాన

శాకాహారులం. ఆకలితో మాడతామా?

మాడరు. ధోల్ పూరీ ఉంది కదా. పచ్చి శనగపప్పులా కనిపించే పసుపు బఠాణీ పప్పును ఉడికించి, పొడి చేసి, పిండి మధ్య పెట్టి ఒత్తుతారు. బొబ్బట్టులో బెల్లం తీసేస్తే ఎలా ఉంటుందో అలా. అందులో చిక్కుడు గింజల కూర, రుగాయ్ అనే టమాటా కూర, మిరపకాయ పచ్చడి వేసి చుట్టి జతగా ఇస్తారు. గాతో పిమా అంటే మన మసాలా వడకు చెల్లెలు. వేడిగా బ్రెడ్డులో పెట్టుకుని పొద్దున్నే తింటారు. సబ్జా గింజలు, పాలు, అగర్ కలిపిన అలూదా పోర్ట్ లూయీ సంతలో తాగండి. పెళ్ళిళ్ళలో, పూజల్లో అరటాకులో ఏడు కూరలతో భోజనం పెడతారు. దాన్ని "సెత్ కారీ" అంటారు. పిలుపు వస్తే మిగతా కార్యక్రమాలన్నీ మానుకుని వెళ్ళండి. హోటల్లో మాత్రం మాంసం వద్దని స్పష్టంగా చెప్పాలి, లేకపోతే కూరగాయల నూడుల్స్‌లో కూడా ఎండు రొయ్య కనిపించవచ్చు.

అమ్మానాన్నలను తెస్తున్నాం. వాళ్ళు ఏం చూడగలరు?

పాంప్లముస్ తోట. చదునైన దారులు, నీడ, కూర్చోవడానికి బల్లలు, పళ్ళెంలా విచ్చుకున్న పెద్ద కలువ ఆకులు. గంగా తలావ్ కూడా వాళ్ళకు ఇబ్బంది లేదు. బ్వా షెరీ తేయాకు తోటలో టీ రుచి చూపిస్తారు, వెనిల్లా వేసిన టీ అక్కడి ప్రత్యేకత. మా నాన్నగారు ఒక గుక్క తాగి "అల్లం లేదా?" అని అడిగారు. షమరెల్ దారిలో మెలికలు ఎక్కువ కాబట్టి కళ్ళు తిరిగేవాళ్ళను ముందు సీట్లో కూర్చోబెట్టండి. రోజుకు ఒక కొండ, ఒక తీరం, అంతకు మించి పెట్టుకోకండి.

తుఫాను వస్తే ఏం చేయాలి?

ఇక్కడ తుఫాను హెచ్చరికలు 1 నుంచి 4 తరగతులు. ఒకటి వినగానే నీళ్ళు, బ్యాటరీ దీపాలు, బ్రెడ్డు కొని పెట్టుకోవాలి. మూడు ప్రకటించాక బస్సులు ఆగిపోతాయి, ఇంట్లోంచి కదలకూడదు. విమానాలు వాయిదా పడతాయి. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తేటపడితే సంబరపడి బయటకు రాకండి, అది తుఫాను కన్ను కావచ్చు. రెండో వైపు గాలి వెంటనే అందుకుంటుంది. ఇళ్ళు కాంక్రీటువి, గట్టివి. పేకముక్కలు మా ఇంట్లో ఉన్నాయి.

## తిరుగు ప్రయాణం

ఇంటికి ఏం తీసుకువెళ్ళాలి?

వెనిల్లా టీ, ముడి చక్కెర రకాలు, మిరపకాయ పచ్చడి సీసా. షమరెల్ కాఫీ కూడా బాగుంటుంది. గవ్వలు, పగడాలు మాత్రం ఏరి సంచిలో వేసుకోకండి, వాటిని దేశం దాటించడం నిషేధం.

ఒక్క చిన్న నల్లరాయి గుర్తుగా తెచ్చుకుంటే ఎవరు చూస్తారు?

నేను చూస్తాను. కొవ్వూరు నుంచి వచ్చిన మిత్రుడు గ్రీ గ్రీలో పిడికెడంత రాయి జేబులో వేసుకుంటే అక్కడే తీయించాను. అలిగాడు. ఇదే నిప్పులోంచి పుట్టిన రాయి వాళ్ళ ఊరికి కూతవేటు దూరంలో, పంగిడి క్వారీలో లారీల కొద్దీ ఉంది. ఇంటికి వెళ్ళాక క్వారీకి పోయి ఒక ముక్క తీసుకుని దానికి ఫొటో తీసి పంపాడు. "రెండింటికీ తేడా కనిపించడం లేదు, టికెట్ డబ్బులు ఎవరిస్తారు?" అని కింద రాశాడు.